తెరచాపతో చెప్పిన మాటలు

"ఆ మూట దించు."

తోరికా ఇనోకేతో అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, పేరడగడం లేదు.

ఇనోకే మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. భుజం మీద తడిపిన గోనెసంచి, దాన్నిండా చేమ పిలకలు. ఎదురుగా పడవ ఊగుతోంది. సన్నగా పొడుగ్గా ఒకే మానులోంచి తొలిచిన దొప్ప, దానికి బారెడు ఎడంగా కర్రలతో కట్టిన పక్కదుంగ, రెంటికీ మధ్య పలకల అరుగు. ఆ అరుగు మీద నడుముకు చేతులు పెట్టుకుని ఆమె.

"ఎక్కడ దించమంటారు?" అన్నాడు ఇనోకే.

"ఒడ్డున."

"పెనాయా రమ్మన్నాడు."

"నిన్ను రమ్మన్నాడు. నీ పొలాన్ని రమ్మనలేదు."

పడవ వెనక తాడు ముడి వేస్తున్న పెనాయా పకపకా నవ్వాడు. "వాడు గావు దీవి చేమ రైతు, తోరికా. చేమ వదిలేసి రమ్మంటే కాళ్ళు వదిలేసి రమ్మన్నట్టే."

"మన ఫులాంగా దీవిలో ఎటు తవ్వినా రాయే కదా బావా. ఈ పిలకలు ఎక్కడ నాటుతాడట? తన నెత్తి మీదా?"

ఇనోకే కాసేపు ఆలోచించాడు. అతను ఏ మాటయినా అనేముందు దున్నబోయే నేలను చూసినట్టు చూస్తాడు. "ఎంత రాయికైనా ఎక్కడో ఒక గుంట ఉంటుంది," అన్నాడు.

ఆమె చేతులు నడుం మీంచి దిగాయి. అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "సరే. మూట ఎక్కించు. కానీ ఒక మాట. ఈ పడవలో నువ్వు మనిషివి కాదు, బరువువి. గాలి పెరిగితే పరిగెత్తి పక్కదుంగ మీదికి పోవాలి. తగ్గితే లోపలికి రావాలి. ఎందుకని అడక్కూడదు."

"ఎందుకని?"

"అడగొద్దన్నానా!"

పెనాయా, ఇనోకే ఒకే బడి వసతిగృహంలో పక్కపక్క చాపల మీద పడుకుని చదువుకున్నవాళ్ళు. "ఒకసారి మా పడవ ఎక్కరా, సముద్రమంటే ఏంటో చూద్దువు గాని," అని పెనాయా ఎనిమిదేళ్ళుగా పిలుస్తూనే ఉన్నాడు. ఈ ఏడు వాళ్ళ పడవ పందేనికని సువా పట్నం దాకా వెళ్ళింది. తిరిగి ఫులాంగా పోతూ గావు దీవి దగ్గర ఆగింది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది. తిరుగు ప్రయాణానికి సరుకుల ఓడ ఎలాగూ ఉంది. మరో పన్నెండు రోజులకు ఫులాంగా వస్తుంది.

పడవకు పెద్ద తుకానా తాత. తోరికాకు తల్లి వైపు చిన్నతాత, నముకా దీవి మనిషి. పడవ ముందు కొసన కూర్చుని, గాలిని ముక్కుతో చూస్తూ ఉంటాడు. చుక్కాని తెడ్డు మాత్రం తోరికాదే.

"పందెంలో గెలిచారా?" అని ఇనోకే అడిగాడు.

"గెలిచినట్టే," అన్నాడు పెనాయా.

"నాలుగోది," అంది తోరికా.

"పోటీకి వచ్చినవి ఎన్ని?"

తాత గొంతు సవరించుకున్నాడు. "నాలుగు," అన్నాడు.

ఇనోకే నవ్వలేదు. "అయితే మిగతా మూడింటికీ దారి చూపించింది మీరే. వెనకనుంచి," అన్నాడు.

అప్పుడు తోరికా నవ్వింది. తెడ్డు పట్టుకున్న చెయ్యి వదలకుండా, తల వెనక్కి వేసి. ఆ నవ్వుకు పడవ కూడా కాస్త పక్కకు వాలిందని ఇనోకేకి అనిపించింది.

*

ఆ పగలంతా ఇనోకే చూస్తూ కూర్చున్నాడు. చూడటం అతనికి వచ్చిన పని. చేమ ఆకు రంగు చూసి మొదలు దగ్గర నీళ్ళెన్ని ఉన్నాయో చెప్పగలడు. ఇప్పుడు అతను చూసింది తోరికా పాదాలను.

ఆమె అలల వైపు చూడదు. పలక మీద మోపిన అరికాళ్ళతోనే వింటుంది. పెద్ద అల ఒకటి దూరాన లేస్తుండగానే ఆమె బొటనవేలు బిగుస్తుంది. తెడ్డు ఒక అంగుళం తిరుగుతుంది. అల వచ్చేసరికి పడవ దాని వీపు మీద ఉంటుంది. గుర్రం ఎక్కినట్టు కాదు, తెలిసిన ఇంటి గడప దాటినట్టు.

గాలికి ఎదురు పోవాలంటే ఆ పడవను తిప్పరు. ముందు కొస వెనకవుతుంది, వెనక కొస ముందవుతుంది. తెరచాప మూలను ఎత్తుకుని తాత ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెడతాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, వేలెడు వెడల్పు అంచు మీద. అదే సమయంలో తోరికా నిలువెత్తు తెడ్డును భుజాన వేసుకుని అటునుంచి ఇటు వస్తుంది. ఇద్దరూ మధ్యలో ఒకరినొకరు రాసుకోకుండా దాటతారు. చూస్తుండగానే పడవ వచ్చిన వైపే ముక్కు పెట్టి ఇంకో దారిన పోతుంది.

మొదటిసారి అది చూసి ఇనోకే నోరు తెరిచాడు.

"నోరు మూసుకో, బరువూ. ఎగిరే చేప దూరుతుంది," అంది తోరికా.

"దూరితే కూర వండుకుందాం."

"నీకు వంట వచ్చా?"

"చేమ ఆకు, కొబ్బరిపాలు. మరోటి రాదు."

"రోజూ అదే తింటావా?"

"తినేవాళ్ళు విసుక్కోలేదు ఇప్పటిదాకా."

"తినేవాళ్ళు ఎవరు?"

"నేనొక్కణ్ణే."

ఆమె మళ్ళీ నవ్వింది. తాత ముందు కొస నుంచి వెనక్కి తిరిగి చూశాడు, చాలాసేపు చూశాడు. పెనాయా ఇనోకేని మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్, ఎనిమిదేళ్ళలో నువ్వు నాతో ఇన్ని మాటలు ఆడలేదురా."

"నువ్వు తెడ్డు పట్టలేదు గదరా."

*

సాయంత్రానికి మోవాలా దీవి చేరారు. ఊరి పెద్దకు యంగోనా అనే మత్తుమొక్క వేళ్ళ కట్ట సమర్పించి, వాళ్ళ ఊళ్ళో అడుగు పెట్టడానికి అనుమతి అడిగారు. చాపల మీద అందరూ చుట్టూ కూర్చున్నారు. చెక్క తొట్టిలో దంచిన వేళ్ళ పొడి కలిపారు, కొబ్బరిచిప్ప ఒకరి చేతినుంచి ఒకరికి వెళ్ళింది. అలాంటి చోట కొత్తవాడు కూర్చుంటే వరస కలపకుండా ఎవరూ ఊరుకోరు. వరస తెలియకపోతే మాట ఎలా కలపాలో తెలియదు మరి.

"అబ్బాయ్, మీ అమ్మది ఏ ఊరు?" అన్నాడు తుకానా తాత.

"నముకా అని చెప్పేవారు. నా ఆరో ఏట పోయింది. అంతకంటే తెలియదు."

"మా నముకాయేనా! పేరు?"

"లితియా."

తాత చేతిలోని చిప్ప ఆగింది. "లితియా! రేవు పక్క ఇల్లు. కుడిచెంప మీద కాలిన మచ్చ?"

ఇనోకే చెయ్యి తన చెంప మీదికి వెళ్ళింది. ఆ మచ్చను అతను ముట్టుకుని ఎన్నో ఏళ్ళయింది. "అవును."

"ఓరి నీ! నేను ఓడల్లో పనిచేసి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఆ వాకిట్లో ఆడుతుండేది. మా ఇంటి పిల్లే!" తాత ముఖం వెలిగిపోయింది. వేళ్ళు మడిచాడు. "తోరికా వాళ్ళమ్మా అదే ఇల్లు. అంటే ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. అంటే నువ్వూ తోరికా..."

తాత చెప్పనక్కర్లేకపోయింది. చాప మీద అందరికీ అర్థమైపోయింది. అక్కచెల్లెళ్ళ బిడ్డలు అన్నాచెల్లెళ్ళు.

చేతులు చరిచి అందరూ ఆనందపడ్డారు. పోయిన చుట్టం దొరికాడని ఒకామె ఇనోకే తల నిమిరింది. గుమ్మం దగ్గర ఆడవాళ్ళతో కూర్చున్న తోరికా అప్పటిదాకా అటే చూస్తోంది. ఇప్పుడు తల దించుకుంది. లేచి, ఇనోకే కూర్చున్న చాప అంచు తొక్కకుండా చుట్టూ తిరిగి బయటకు వెళ్ళిపోయింది.

వాళ్ళలో అన్నాచెల్లెళ్ళ మర్యాద అలాంటిది. ఎదురెదురుగా కూర్చోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. వేళాకోళం ఆడటం అటుంచి, అసలు నేరుగా మాట్లాడకూడదు. అదేమీ కోపం కాదు, అంతటి గౌరవం. బావామరదళ్ళయితే ఒకరి నెత్తిన ఒకరు బురద పోసుకున్నా అడిగేవాడు లేడు. అన్నాచెల్లెళ్ళయితే గాలి కూడా మధ్యలోంచి అడిగి పోవాలి.

ఇనోకే చిప్పెత్తి యంగోనా ఒక్క గుక్కలో తాగాడు. అది ఎప్పుడూ కాస్త మట్టి రుచిగానే ఉంటుంది. ఆ రోజు ఉత్త మట్టే అనిపించింది.

*

అయిదు బారలైనా లేని పడవ. అందులో నలుగురు. ఇద్దరు మాట్లాడుకోకూడదు.

"బావా, ఆయన్ని పక్కదుంగ మీదికి జరగమను."

"ఒరేయ్, జరగరా."

"పెనాయా, జరిగాను, చాలా అని అడుగు."

"తోరికా, చాలా?"

"ఇంకో జానెడు."

"ఇంకో జానెడురా. ఒరేయ్, నాకు గొంతు పోతోంది. ఇద్దరూ కలిసి నాకు జీతం ఇవ్వండి."

మొదటి రోజు నవ్వులాటగా ఉంది. రెండో రోజుకి ఎవరికీ నవ్వు రాలేదు. తోతోయా దీవి దాటాక దీవి కనపడని సముద్రం. తోరికా తెడ్డు దగ్గర నిలబడి ఉంటుంది, ఇనోకే ఆమె వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. చూడకూడదు గనక. కానీ ఆమె నీడ పొద్దున పూట అతని ముందు పలక మీద పడేది. ఆ నీడ తెడ్డు తిప్పేది, వెంట్రుకలు ముడి వేసుకునేది, ఒక్కోసారి ఊరికే ఆగిపోయేది. పొద్దెక్కేకొద్దీ ఆ నీడ కుంచించుకుపోతుంటే అతనికి దిగులేసేది.

"తాతా," అన్నాడు పెనాయా ఒకసారి. "నీ లెక్క సరైనదేనా?"

"చుక్కల లెక్కలో తప్పానేమో గాని, చుట్టాల లెక్కలో తప్పలేదు నేను," అన్నాడు తాత. కాని అలా అంటున్నప్పుడు మనవరాలి ముఖం వైపు చూసి, వెంటనే సముద్రం వైపు తిరిగిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది.

ముందు నీళ్ళ రంగు మారింది. తర్వాత గాలి పూర్తిగా ఆగింది. తాత లేచి నిలబడ్డాడు. నల్లటి తెర ఒకటి సముద్రం మీద నడిచి వస్తోంది. పెనాయా పక్కదుంగ మీదికి పరిగెత్తాడు. ఇనోకే చేతిలో తెరచాప తాడు ఉంది. తాత ముందు కొసన చాప మూలను రెండు చేతులా పట్టుకున్నాడు.

గాలి ఒక్క దెబ్బ కొట్టింది. పక్కదుంగ నీళ్ళలోంచి లేచింది, మళ్ళీ పడింది. పడినప్పుడు దాని మీద పెనాయా లేడు.

"బావా!"

పెనాయా తల నీళ్ళలో తేలింది. వెనక వేలాడే తాడు అతని చేతికి దొరికింది, కాని పడవ అతణ్ణి గుర్రం ఈడ్చినట్టు ఈడ్చుకుపోతోంది. పక్కదుంగ మళ్ళీ లేస్తోంది. ఇంకో దెబ్బ తగిలితే పడవ బోల్తా. చాప తాడు వదలాలి. కాని ఎప్పుడు? తొందరపడితే తెరచాప కొయ్య విరుగుతుంది, ఆలస్యమైతే మునుగుతుంది. ఆ క్షణం ఏదో తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె మాట చేరవేసే మనిషి నీళ్ళలో ఉన్నాడు.

ఇనోకే తాడు బిగించి పట్టుకుని, వెనక్కి తిరగకుండా, ఆగాడు.

వెనక నుంచి తోరికా గొంతు వానను చీల్చుకుంటూ వచ్చింది.

"ఓ తెరచాపా! నీ తాడు పట్టుకున్న మనిషికి చెప్పు, సిద్ధంగా ఉండమని!"

ఇనోకే కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు.

"ఇంకా వద్దని చెప్పు! ఇంకా వద్దు! ఇంకా... ఇప్పుడు! వదిలెయ్యమను! మొత్తం వదిలెయ్యమను!"

వదిలాడు. చాప ఫెళ్ళున కొట్టుకుంది, పక్కదుంగ నీళ్ళ మీదికి మెత్తగా దిగింది. పడవ నిలిచింది.

"తెరచాపా, పెనాయాని లాగమని చెప్పు!"

ఇనోకే వెనక తాడును చేమ తోటలో గట్టు రాళ్ళు లాగినట్టు లాగాడు. పెనాయా అరుగు మీదికి చేపలా వచ్చి పడ్డాడు. ఉప్పునీళ్ళు కక్కాడు, దగ్గాడు, లేచి కూర్చున్నాడు.

"మీ అన్నాచెల్లెళ్ళ మర్యాద," అన్నాడు రొప్పుతూ, "నా పెళ్ళాన్ని విధవను చేసేది."

తాత చాప మూలను మళ్ళీ బిగించాడు. తోరికా తెడ్డును మళ్ళీ సరిచేసి, ముఖం మీది వాననీళ్ళు భుజంతో తుడుచుకుంది. ఇలాంటి మనిషి దగ్గర బరువుగా ఉన్నా చాలు అనుకున్నాడు ఇనోకే.

*

గాలి పోయాక వాన మిగిలింది. ముసురు వాన, వెచ్చటి వాన. పెనాయా టార్పాలిన్ కింద ముడుచుకుని గుర్రు పెట్టాడు. తాత ముందు కొసన కునికిపాట్లు పడుతున్నాడు. లేదా పడుతున్నట్టు ఉన్నాడు.

"తెరచాపా," అంది తోరికా.

ఇనోకే వీపు నిటారుగా అయింది.

"నాకు ఇద్దరు అన్నలున్నారు. మంచివాళ్ళే. మూడోవాడి కోసం నేను ఏ దేవుడికీ మొక్కలేదు."

వాన తెరచాప మీద టపటపలాడింది. చాప ఏమీ అనలేదు. ఇనోకే గొంతు సవరించుకున్నాడు.

"తెరచాపా. మా ఇంట్లో నేనొక్కణ్ణే. చెల్లెలు కావాలని చిన్నప్పుడు ఏడ్చేవాణ్ణి." ఆగాడు. "ఇప్పుడు దొరికింది. మళ్ళీ ఏడుపే వస్తోంది."

తెడ్డు ఒక్కసారి నీళ్ళలో జారింది. పడవ చిన్నగా తొట్రుపడి, మళ్ళీ దారిలో పడింది. మూడు రోజుల్లో ఆమె చెయ్యి తప్పడం అదే మొదలు.

"ఆయన్ని అడుగు, ఓడ వచ్చిన రోజే వెళ్ళిపోతాడా అని."

"వెళ్ళక తప్పదని చెప్పు. ఉంటే చూడకుండా ఉండటం నా వల్ల కాదని చెప్పు."

వాన ఇద్దరి మీదా ఒకేలా కురిసింది.

*

నాలుగో రోజు పొద్దున ఫులాంగా. దీవి చుట్టూ రాతి కట్ట, దాని మధ్య సన్నటి సందు, అందులోంచి నీళ్ళు ఏటిలా లోపలికి ఉరుకుతున్నాయి. తోరికా ఆ సందులోంచి పడవను సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించింది. లోపల నీళ్ళు పచ్చగా, నిలకడగా. అడుగు అరిగిపోయిన రాతి దిబ్బలు పుట్టగొడుగుల్లా నిలబడి ఉన్నాయి. ఇనోకేకి ఏ అందమూ కళ్ళకు ఆనలేదు. గోనెసంచి మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాడు. పిలకల కొసలు వాడిపోవడం మొదలైంది.

ఊరి పెద్ద ఇంట్లో అందరూ చేరారు. ఆ పెద్ద తోరికా నాన్న ఎసాలాయే. పెనాయా భార్య చంకలో పిల్లతో, గుమ్మం వైపు ఆడవాళ్ళు. ఇనోకే వేళ్ళ కట్ట ముందు పెట్టి, చేతులు చరిచి, తల వంచి మాట్లాడాడు. "నేను గావు దీవి ఇనోకేని. మా అమ్మ లితియా, నముకాలో రేవు పక్క ఇంటి ఆడపడుచు. మీ ఊళ్ళో కొన్నాళ్ళు ఉండనివ్వండి."

ఎసాలా కట్ట అందుకోవడానికి చెయ్యి చాచాడు. అంతలో వెనక మూల నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

"ఎవరి కొడుకన్నాడు?"

అది మెరేయా అవ్వ, తోరికా నాయనమ్మ. చూపు సగం పోయింది, చెవులు పోలేదు. పెద్దల మధ్య నిలబడి నడవకూడదు గనక చాప మీద పాకుతూ వచ్చింది. ఇనోకే గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"లితియా చెంప మీద మచ్చ ఎలా వచ్చిందో తెలుసా నీకు?"

"తెలియదు అవ్వా."

"నా పొయ్యి మీద పడింది. ఈ ఇంటి వెనకే. నాలుగేళ్ళ పిల్ల."

ఎసాలా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ ఏడు తుఫానొచ్చి తోటలన్నీ పోయాయి. తిండి లేక పిల్లల్ని తలా ఒక దీవికి పంపాం. లితియాని నముకాలో మేనత్త తీసుకుపోయి పెంచుకుంది. మళ్ళీ రాలేదు. అక్కణ్ణుంచే పెళ్ళయి పోయింది." అవ్వ తుకానా తాత వైపు తల తిప్పింది. "నువ్వా, ఓడల్లో తిరిగి తిరిగి ఇంటికొచ్చి, వాకిట్లో కనపడ్డ పిల్లనల్లా మీ పిల్లే అనుకున్నావా? అన్నం తిన్న ఇల్లు వేరు, బొడ్డుతాడు పాతిన చోటు వేరు. ఆ తాడు మీద నాటిన కొబ్బరిచెట్టు అదిగో, రాళ్ళ సందున. నా చేత్తో నాటాను. లితియా మా ఎసాలాకు చెల్లెలు వరస. వీడు మా ఆడపడుచు కొడుకు!"

చెల్లెలి కొడుకు. మేనల్లుడు. అంటే తోరికాకు...

అవ్వ గుమ్మం వైపు చూసి గద్దించింది. "చూస్తారేమే ఆడపిల్లలూ! మీ బావొచ్చాడు!"

అంతే. ఇల్లంతా ఒక్కసారి పగిలింది. ఒకామె అతని టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. ఇంకొకామె పౌడరు డబ్బా మొత్తం అతని తల మీద బోర్లించింది. "ఇన్నేళ్ళు ఎక్కడ చచ్చావు బావా!" "చెవులు చూడవే, చేమ ఆకులంత ఉన్నాయి!" "బక్కోడే, గాలికి ఎగరలేదా దారిలో!" పిండిబొమ్మలా కూర్చున్న ఇనోకే ఆ నవ్వుల సందుల్లోంచి ఒకే ఒక్క మనిషి కోసం వెతికాడు.

గుమ్మంలో తోరికా లేదు.

తాత లెక్క తప్పినా ఆమె మనసు మారిందేమో. రాత్రికి రాత్రి చెల్లెలైన మనిషి, తెల్లారేసరికి మరదలు కాలేదేమో.

లేచి బయటికొచ్చాడు. రాళ్ళ సందున కొబ్బరిచెట్టు కొంచెం వంగి, సముద్రం వైపు కాకుండా ఊరి వైపు చూస్తూ ఉంది. వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనించాడు. అమ్మది ఇంత గరుకు చర్మం కాదు. అయినా చెయ్యి తీయలేదు.

అప్పుడు నెత్తి మీద సముద్రం పడింది.

ఉప్పునీళ్ళు, చల్లగా, బకెట్టు నిండా. పౌడరు ముద్దయి ముఖం మీదికి కారింది. కళ్ళు తుడుచుకుని తిరిగేసరికి తోరికా. చేతిలో పడవలో నీళ్ళు తోడే బకెట్టు. రేవు దాకా పరిగెత్తి వెళ్ళి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"మూడు రోజులు!" అంది నేరుగా అతని కళ్ళలోకి చూస్తూ. "మూడు రోజులు నోరు కుట్టుకుని కూర్చున్నాను! దాచుకున్నవన్నీ చెబుతా విను. నీ కూర్చోడం ఎండబెట్టిన చేపలా ఉంది. నీ చేమ కంపు కొడుతోంది. నువ్వు తాడు వదిలిన తీరు చూస్తే మా నాయనమ్మ నయం. ఇంకా..."

"ఇంకా?"

"ఇంకా చాలా ఉన్నాయి. గుర్తు రావట్లేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రపు నీళ్ళు కావు.

ఇనోకే నవ్వాడు. ముఖం మీద పౌడరు ముద్దలు పగిలేలా నవ్వాడు. బతుకులో ఎవరూ తిట్టనంత తియ్యగా తిట్టింది.

ఇంతలో జనమంతా బయటికొచ్చారు. తుకానా తాత తల వంచుకుని అందరికంటే వెనక వచ్చాడు. "చుట్టాల లెక్కలో తప్పాను," అన్నాడు మెల్లిగా. "తప్పుకు నా దగ్గరున్న తిమింగలం పన్ను ఇస్తాను. ఎవరి ముందు పెట్టమంటారో చెప్పండి."

పిల్లనడిగేటప్పుడు పెట్టేది కూడా ఆ పన్నే. పెనాయా ఈలేశాడు.

ఎసాలా మేనల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే అబ్బాయ్, మా పద్ధతి నీకు తెలుసుగా. మేనల్లుడు మేనమామ ఊళ్ళో చెయ్యి పెట్టిందల్లా వాడిదే. కాదనే హక్కు నాకు లేదు. పంది, పడవ, చాప, ఏది కావాలో అడుగు."

ఆడవాళ్ళు ఒకరినొకరు గిల్లుకున్నారు. ఇనోకే తనకు అలవాటైనట్టు కాసేపు ఆలోచించాడు. చెట్టు మొదట్లోకి చూశాడు. రాళ్ళ మధ్య, ఆకులు కుళ్ళి నల్లబడ్డ మట్టి, నాలుగు బారల గుంట.

"ఈ గుంట ఇవ్వండి మామయ్యా," అన్నాడు. "పిలకలు వాడిపోతున్నాయి."

జనం పడీ పడీ నవ్వారు. పెనాయా నెత్తి కొట్టుకున్నాడు. తోరికా చేతిలో బకెట్టు ధన్‌మని కింద పడింది.

"గుంటా? ఏదైనా అడగమంటే గుంట అడిగావా?"

"గుంట మామయ్యది. ఆయన్ని అడిగాను." ఇనోకే ఆమె వైపు తిరిగాడు. "నువ్వు పందివి కాదు, పడవవూ కాదు. నిన్ను నిన్నే అడగాలి గదా."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి. తోరికా రేవు వైపు చూసింది. అక్కడ పడవ ఒడ్డెక్కి ఉంది, కొయ్య దించి ఉంది.

"తెరచాప చుట్టేశాం," అంది. "ఇక మధ్యలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, బరువూ. గట్టిగా అడుగు. మా నాయనమ్మకు కూడా వినపడాలి."

ఇనోకే తడి ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, అడిగాడు.

పన్నెండో రోజున సరుకుల ఓడ వచ్చింది. బియ్యం, కిరోసిన్ దించింది. గావు దీవికి ఇనోకేని కాదు, అతని ఉత్తరం ఒక్కటే తీసుకుపోయింది. గుంటలో ముప్ఫై ఎనిమిది పిలకలు అప్పటికే కొత్త ఆకు విప్పుతున్నాయి.